రాటిల్‌స్నేక్ సరస్సు చుట్టూ డిసెంబరులో నడవవచ్చా?

సియాటిల్‌కు తూర్పున, నార్త్ బెండ్ దగ్గరున్న రాటిల్‌స్నేక్ సరస్సు ఒడ్డున, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారితో కలిసి డిసెంబరులో ఒక పూట నిదానంగా నడవాలనుకుంటున్నాము. పక్కనే ఉన్న సీడర్ నదిపై కట్టిన ఆనకట్ట వెనుక నిలిచిన నీరు 1915లో నేలలోపలి గులకరాళ్ల పొరల గుండా ఇంకి వచ్చి మాంక్టన్ అనే చిన్న ఊరిని ముంచివేసిందని, నీటిమట్టం తగ్గినప్పుడు పాత చెట్ల మొద్దులు బయటపడతాయని తెలిసినప్పటి నుండి ఆమెకు ఆ చోటు చూడాలని మహా ఆసక్తి.

మా సందేహమంతా నీటిమట్టం గురించే. శీతాకాలపు వానలకు సరస్సు నిండినప్పుడు ఒడ్డు వెంబడి పూర్తిగా చుట్టి రావడం సాధ్యమేనా, లేక తూర్పు వైపు చదునైన బాటలోనే వెళ్లి వెనుదిరగవలసి ఉంటుందా? ఉదయం పూట నీడలో మంచు గడ్డకట్టి కాళ్లు జారే చోట్లు ఏవైనా ఉంటే, బూట్లకు తగిలించుకునే ఇనుప ముళ్లు అవసరమా అన్నది కూడా దయచేసి తెలుపగలరు. పైనున్న కొండకొమ్ము ఎక్కే ఉద్దేశం మాకు లేదు. జనమంతా ఎలాగూ అక్కడికే వెళతారు. సరస్సు బాట కుదరని పక్షంలో, పక్కనే ఉన్న సీడర్ ఫాల్స్ దగ్గర మొదలయ్యే, ఇప్పుడు నడకబాటగా మారిన పాత రైలు మార్గం, సాయంత్రం నాలుగు దాటగానే చీకటిపడే ఆ రోజుల్లో, పెద్దవారికి అనువుగా ఉంటుందా?