కనుమ రాత్రి బుర్రకథ: పెద్దాయన కుటుంబ దళానికి ఏర్పాట్లు ఎలా చేయాలి?

కాలువగట్టు (ప్రశ్న)

తెనాలి దగ్గర మా ఊళ్లో కనుమ రాత్రి బుర్రకథ ఆనవాయితీ. చెప్పేది ఒకే కుటుంబం. డెబ్బై దాటిన పెద్దాయన కథకుడు, కొడుకూ కోడలూ వంతలు (పక్కన వాయిస్తూ వంత పాడేవాళ్లు). పండక్కి ఊరొచ్చినవాళ్లు చాలామంది ఈ కథ కోసమే ఇంకో రోజు ఆగుతారు. ఈసారి ఏర్పాట్లు మా వీధివాళ్ల వంతు.

పోయినేడు మూడు లోపాలు జరిగాయి. వెనక కూర్చున్నవాళ్లకు మాట అర్థం కాలేదు. గంట గడిచేసరికి వంతలు వాయించే గుమ్మెటలు (చర్మం బిగించిన వాద్యాలు) మోగడం మానేశాయి. కథ బొబ్బిలి కోట ముట్టడి దాకా రాకముందే మైకు కట్టేయాల్సి వచ్చింది. రామాలయం ముందు ఖాళీ జాగా, సుమారు 300 మంది జనం. మైకులు ఎన్ని పెట్టాలి, మంచులో వాద్యాన్ని ఎలా కాపాడాలి, రెండు గంటల్లో ఏం చెప్పించుకోవాలి? పెద్దాయనకు శ్రమ కాకూడదన్నది అన్నిటికంటే ముఖ్యం. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

గుమ్మెటమోత

గుమ్మెటల సంగతి చెప్తాను. డక్కీ అన్నా, బుడికె అన్నా, గుమ్మెట అన్నా ఒక్కో చోట ఒక్కో పేరు. ఏదైనా మోగేది చర్మమే. జనవరి రాత్రి ఎనిమిది దాటాక మంచు దిగుతుంది, ఆ తేమ పీల్చుకుని చర్మం సాగుతుంది. "ధిం" అని పలకాల్సింది "దబ్" అంటుంది. వాయించేవాళ్లు మోత కోసం ఇంకా గట్టిగా కొడతారు, అరగంటలో వేళ్లు వాస్తాయి. తప్పు వాళ్లది కాదండి, పైన కప్పు లేకపోవడం వల్ల వచ్చిన తిప్పలు.

షామియానా గుడ్డ ఒక్కటే చాలదు. అది తడిసి చుక్కలు కారుతుంది. వేదిక మేరకు దానిపైన టార్పాలిన్ కప్పించండి, వెనక వైపూ ఒక పక్కా కూడా పరదా దించండి. ఒకప్పుడు హాలోజన్ లైట్ల వేడికి వేదిక పొడిగా ఉండేది. ఇప్పుడన్నీ ఎల్ఈడీలే, వెలుగు తప్ప వేడి రాదు. అందుకని వేదిక వెనక పరదా చాటున పాతరకం 100 వాట్ల బల్బు ఒకటి వెలిగించి, దానికి మూరెడు దూరంలో విడి గుమ్మెట ఒకటి ఉంచండి. దళాన్ని పిలిచేటప్పుడే "ఇంకో గుమ్మెట తెచ్చుకోండి" అని చెప్పాలి. ఒకటి మెత్తబడగానే రెండోది అందుకుంటారు.

కథకు ముందు వరిగడ్డి మంట మీద కాచడం మామూలే. చర్మం మంటకు చేరువగా పెట్టకూడదు. చెయ్యి చాచినంత దూరాన తిప్పుతూ రెండు మూడు నిమిషాలు కాస్తే చాలు, మధ్యమధ్య వేలితో తట్టి చూసుకోవాలి. తొందరపడి దగ్గరగా కాస్తే చర్మం గిడసబారి అంచు దగ్గర చిట్లుతుంది. ఆ రాత్రికి ఇక అది పనికిరాదు. కాచే పని వాళ్లకే వదిలేయండి. మీరు ఎండుగడ్డి, ఒక బకెట్ నీళ్లు, కాస్త చోటు చూపిస్తే చాలు. తంబురా కూడా వెచ్చటి గదిలోంచి నేరుగా వేదిక మీదికి వస్తే శ్రుతి కదులుతుంది. కనీసం అరగంట ముందే బయట పెట్టించండి.

మైకుసెట్టు

మాట అర్థం కాకపోవడానికి మొదటి కారణం చాలా ఊళ్లలో ఒక్కటే: ఎకో. ఆపరేటర్ పాట కచేరీకి పెట్టినట్టే ఎకో పెడతాడు. బుర్రకథలో కథకుడు గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతాడు, వంతలు "తందాన తాన" అని వెంటనే అందుకుంటారు. ఎకో ఉంటే ఒకరి మాట చివర ఇంకొకరి మాట మీద పడి అంతా కలగాపులగం అవుతుంది. పూర్తిగా ఆపించండి. ముందుగానే చెప్పండి, కథ మొదలయ్యాక చెబితే వినిపించుకోరు.

మనిషికి ఒకటి చొప్పున మూడు మైకులు, స్టాండ్ల మీద. షూర్ ఎస్ఎం 58 లాంటి డైనమిక్ మైకు చాలు. నోటికి నాలుగైదు అంగుళాల దూరం. కాలరు మైకులు వద్దు. అవి చుట్టుపక్కల మోతంతా పట్టేస్తాయి, కాస్త పెంచగానే కూత మొదలవుతుంది. కథకుడు అడుగులు వేస్తూ ముందుకూ వెనక్కూ కదులుతాడు కాబట్టి, తీగ లేని హెడ్‌సెట్ మంచిది దొరికితే ఆయనకు ఒక్కరికే పెట్టండి. అప్పుడు కూడా స్టాండు మైకు తీసేయకండి. బ్యాటరీ అయిపోతే అదే గతి.

గుమ్మెటలకు వేరే మైకు అక్కర్లేదనుకుంటారు. 300 మందికి నిజంగానే అక్కర్లేదు, వంతల మైకుల్లోంచే సరిపడా వస్తుంది. వినిపించనిది అందెలు. కథకుడి బొటనవేలికి ఒకటి, మిగతా వేళ్లకు ఒకటి ఉండే ఆ లోహపు కడియాలే కథకు నడక. ఆయన మైకుకు అడుగున్నర కింద, చేతి ఎత్తులో ఇంకో చిన్న మైకు పెట్టి తక్కువ వాల్యూమ్‌లో ఉంచండి. తేడా వెంటనే తెలుస్తుంది.

వేదిక చెక్కలతో కడతారు కదా, గజ్జెల కాళ్లతో అడుగేసినప్పుడల్లా స్పీకర్లో "బుడుం" అంటుంది. స్టాండ్ల కింద నాలుగు మడతల గోనెసంచి వేయండి, మిక్సర్లో ఆ మూడు మైకులకూ లో కట్ (అడుగు మోతను తగ్గించే) బటన్ నొక్కించండి. వేదిక 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల లోతు చాలు, ఎత్తు రెండున్నర అడుగులు. అంతకన్నా ఎత్తయితే ముందు కూర్చున్న పిల్లలకు ముఖాలు కనపడవు.

స్పీకర్లు రెండూ మైకుల వరుసకన్నా ముందుకు ఉండాలి. వెనకవాళ్ల కోసమని ముందు స్పీకర్లనే పెంచకండి. 40 అడుగుల దూరంలో ఇంకో చిన్న జత పెట్టి, వాటికి 35 మిల్లీసెకన్ల డిలే (ఆ కాస్త ఆలస్యంగా పలికేలా) ఇవ్వమనండి. డిలే ఇవ్వకపోతే ఒక్కో మాటా రెండుసార్లు వినిపిస్తుంది. జనరేటరు గుడి వెనక్కి, కనీసం 100 అడుగుల దూరానికి.

పల్నాటిపలుకు

కథ సగంలో ఆగిపోయిందంటే దళం తప్పు ఉండదు, చదివింపులు ఎక్కడ పెట్టారో చూసుకోండి. మాటిమాటికీ ఎవరో వేదిక ఎక్కి నోటు ఇవ్వడం, పేరు చదవడం, దీవెన చెప్పడం. ఒక్కోదానికి నిమిషం అనుకున్నా 30 మందికి అరగంట. అసలు నష్టం కాలం కాదు, వేడెక్కిన ఘట్టం చల్లారిపోవడం. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు కత్తి దూసే చోట "ఫలానా వారు 500 రూపాయలు" అని వినిపిస్తే ఇక రౌద్రం ఎక్కడిది? కింద ఒక బల్ల వేసి, చీటీల మీద పేర్లు రాయించి, మధ్య విరామంలో ఒకేసారి చదివించండి. డబ్బంతా కవర్లో పెట్టి అక్కడే పెద్దాయన చేతికివ్వాలి. మాట్లాడుకున్న మొత్తం, ఆటో ఖర్చు వేరే. చదివింపులను అందులో జమ కట్టకూడదు.

రెండు గంటల్లో బొబ్బిలి కథ మొత్తం పట్టదండి. పూర్వం రాత్రిళ్ల కొద్దీ సాగిన కథలవి. ఘట్టం ఎంచుకోవాలి. వారం ముందే పెద్దాయన దగ్గరికి వెళ్లి, "ముట్టడి నుంచి పాపారాయుడి రాక దాకా చెప్పండి" అని అడగండి. ముందు కథ పది నిమిషాల వచనంలో ఆయనే కట్టుకుంటారు. బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరి 24న, పండగ వెళ్లిన కొన్నాళ్లకే. కనుమకు ఇంతకన్నా తగిన కథ లేదని నా అభిప్రాయం.

హాస్యం, రాజకీయం చెప్పే వంతలకు ఊరి సంగతులు నాలుగు ముందే అందించండి: కొత్త రోడ్డు, ధాన్యం ధర, పిల్లల చదువులు. వాళ్లు కథలో ఎక్కడ ఇమడ్చాలో అక్కడ ఇముడుస్తారు. ఊళ్లో కక్షల జోలికి పోయే మాటలు మాత్రం అందించకండి.

పెద్దాయన విషయంలో కొడుకుతో విడిగా మాట్లాడండి. ప్రార్థన, పూర్వకథ కొడుకు తంబురా పట్టి చెప్పి, విరామం తర్వాత అసలు ఘట్టానికి పెద్దాయన వస్తే 45 నిమిషాలు నిండు గొంతుతో చెప్పగలరు. మొదటి నుంచీ ఆయన్నే నిలబెడితే అసలు చోటికి వచ్చేసరికి గొంతు ఉండదు. కొడుకు తంబురా పట్టినప్పుడు రెండో గుమ్మెట ఎవరిదో కూడా అప్పుడే అడగండి. కూర్చుని చెప్పాలనుకుంటే చేతుల్లేని కుర్చీ వేయండి, చేతులున్న కుర్చీ తంబురాకు అడ్డు. పక్కన ఫ్లాస్కులో వేడినీళ్లు. కూల్‌డ్రింకులు ఇవ్వకండి. భోజనం కథ అయ్యాకే చేస్తారు, ముందు రెండు ఇడ్లీలు చాలు. కనుమ కదా అని ముందే మాంసం భోజనం బలవంతం చేయకండి.

కాలువగట్టు

చాలా ఉపయోగం అండి, అందెల మైకు సంగతి మాకు తట్టలేదు. ఇంకో రెండు ప్రశ్నలు. పది దాటితే మైకుకు అనుమతి ఉంటుందా? అమెరికాలో ఉన్న మా ఊరి పిల్లలు లైవ్ పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?

మైకుసెట్టు

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం బయట లౌడ్‌స్పీకర్ రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వాడకూడదు. పండగలకూ సాంస్కృతిక కార్యక్రమాలకూ రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా 12 గంటల దాకా సడలింపు ఇవ్వొచ్చు. ఆ రోజుకు ఉందో లేదో పోలీస్ స్టేషన్లో కనుక్కోండి. పగలు వాడటానికైనా రాతపూర్వక అనుమతి కావాలి. భోగికి ముందే అర్జీ పెట్టండి. సడలింపు మీద ఆశ పెట్టుకోకుండా 7:30కి ప్రార్థన మొదలుపెడితే 9:45కి హారతి అయిపోతుంది.

లైవ్ అయితే మిక్సర్ నుంచి నేరుగా వైరు తీసుకోండి, ఫోన్ మైకు వద్దు. మన రాత్రి 7:30 అంటే జనవరిలో న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలు, డాలస్‌లో 8. పిల్లలకు వీలైన సమయమే. అయితే ముందు కుటుంబాన్ని అడగాలి. వాళ్లకు కథే జీవనాధారం. మొత్తం కథ ఊరికే యూట్యూబ్‌లో ఉండిపోతే పక్క ఊరివాళ్లు పిలవడం తగ్గించొచ్చు. లింకు ఊరివాళ్లకే ఇచ్చి, మర్నాడు తీసేస్తామని చెప్పండి. రికార్డింగ్ కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి పెద్దాయనకు ఇవ్వండి.

పల్నాటిపలుకు

ఒకటి మర్చిపోయాను. ముందు వరుసలో కుర్చీలు వేయకండి. వేదిక నుంచి ఆరడుగుల దూరంలోనే పట్టాలు పరిచి పిల్లల్ని, ముసలివాళ్లను కూర్చోబెట్టండి, కుర్చీలు వాళ్ల వెనక. కథకుడు "ఔనా, కాదా?" అన్నట్టు జనం వైపు చూసినప్పుడు ఊ కొట్టేది నేల మీద కూర్చున్నవాళ్లే. పట్టాల కింద వరిగడ్డి పరిస్తే చలి ఎక్కదు, మధ్యలో ఎవరూ లేచి పోరు.