బిగ్ బాయ్ బండిని లాగడం లేదు, ఎక్కడ తప్పు చేశాను?

పట్టాలపిచ్చి: అందరికీ నమస్కారం. ఆరు నెలలు రాత్రిళ్లు కూర్చుని అమెరికా రైల్వే కంపెనీ యూనియన్ పసిఫిక్ వాళ్ల బిగ్ బాయ్ ఆవిరి ఇంజిన్‌ని బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో చేసి, ఓపెన్ రైల్స్ అనే రైలు సిమ్యులేటర్‌లోకి ఎక్కించాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ వాసాచ్ కొండల్లో 1.14 శాతం గ్రేడ్ (వాలు) మీద 3,600 టన్నుల గూడ్స్ తగిలిస్తే అంగుళం కదలదు. ఆ గ్రేడ్ మీద అంత బరువు లాగడానికే కదా 1941లో దీన్ని తయారుచేసింది! ట్రాక్టివ్ ఎఫర్ట్ (లాగే బలం) 1,35,375 పౌండ్లు ఉండాలి. సిమ్యులేటర్‌లో ఎఫ్5 నొక్కితే వచ్చే లెక్కల్లో 33,844 అంటోంది. ఉత్త ఇంజిన్ని నడిపితే కదులుతుంది కానీ చక్రాలు బద్ధకంగా తిరుగుతూ పట్టాల మీద ఈడ్చుకుపోతున్నట్టు ఉంది. ఇంజిన్ ఫైల్లో పెట్టినవి ఇవీ: సిలిండర్ వ్యాసం 23.75 అంగుళాలు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 32, బాయిలర్ ప్రెషర్ 300, చక్రం 1.727 మీటర్లు.

బొగ్గుమసి: తమ్ముడూ, 1,35,375ని 33,844తో భాగించి చూడు. నాలుగు వస్తుంది. అంటే ఎక్కడో సగం పోయింది, ఇంకెక్కడో మళ్లీ సగం పోయింది. సిలిండర్ల సంఖ్య ఎంత పెట్టావు?

పట్టాలపిచ్చి: అయ్యో, రెండే ఉంది అన్నా. వేరే ఇంజిన్ ఫైల్ కాపీ చేసి అంకెలు మార్చుకున్నా, ఆ లైను చూసుకోలేదు. ఇప్పుడు 4 చేశాను. 67,687 వచ్చింది. బండి మాత్రం అక్కడే ఉంది.

బొగ్గుమసి: ఉంటుంది మరి. ఒక శాతం గ్రేడ్‌కి టన్నుకు 20 పౌండ్ల బలం కావాలి, అమెరికా టన్ను అంటే 2,000 పౌండ్లే. ఆ లెక్కన నీ గూడ్స్‌కే 82,080 కావాలి. ఇంజిన్, దాని వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండర్ల సొంత బరువు, రాపిడి ఇంకా కలపనేలేదు.

మిగతా సగం నీ చక్రం దగ్గర పోయింది. 68 అంగుళాలు, అంటే 1.727 మీటర్లు, చక్రం వ్యాసం. ఫైల్ అడిగేది వ్యాసార్ధం. 0.8636 పెట్టు. నమ్మకం కుదరకపోతే కాగితం మీద వేసుకో: సిలిండర్ వ్యాసాన్ని దానితోనే గుణించి, స్ట్రోక్‌తో, ప్రెషర్‌తో, 0.85తో గుణించు. వచ్చినదాన్ని చక్రం వ్యాసంతో భాగించు. అది రెండు సిలిండర్లకి. నాలుగు కాబట్టి రెట్టింపు.

పట్టాలపిచ్చి: వచ్చేసింది అన్నా! సరిగ్గా 1,35,375. చక్రాలు ఈడ్చుకుపోవడం కూడా పోయింది, నేనేమో యానిమేషన్‌లో తప్పుందని వారం రోజులు దాంతోనే కుస్తీ పట్టా. బండి నత్తలా అయినా ఎక్కుతోంది.

ఇంకొక్కటి. మలుపు వస్తే క్యాబ్ వేరు, చక్రాలు వేరు అయిపోతున్నాయి. ముందు ఎనిమిది పెద్ద చక్రాలు ఒక బోగీగా (అంటే విడిగా తిరిగే చక్రాల సెట్‌గా), వెనక ఎనిమిది ఇంకో బోగీగా పెట్టాను.

లోకోషెడ్ అక్క: తప్పు అక్కడే ఉంది. వెనక ఎనిమిది చక్రాల ఫ్రేమ్‌ని బాయిలర్‌కి బిగించేస్తారు, అది విడిగా తిరగదు. కీలు ముందు సెట్‌కి మాత్రమే. దాన్ని ఒక్కదాన్నే బోగీ చేసి, దాని సిలిండర్లు, రాడ్లు అన్నీ దానికే తగిలించు. అప్పుడు మలుపులో బాయిలర్ ముక్కు పట్టాల బయటికి పొడుచుకొస్తుంది. కంగారుపడి దాన్ని సరిచేయకు, అసలు ఇంజిన్ కూడా అంతే!

రెండు సెట్ల రాడ్లనీ ఒకే కోణంలో పెట్టావా? వాటిని కలిపే రాడ్ ఏదీ లేదు, దేని దారి దానిదే. సౌండ్ కూడా అంతే. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక్కో సెట్ నాలుగుసార్లు చుఫ్‌మంటుంది. 30 మైళ్ల వేగంలో సెకనుకు దాదాపు పది. రెండు సెట్ల చుఫ్‌లూ కాసేపు కలిసిపోతాయి, మళ్లీ మెల్లగా విడిపోతాయి. రెండు సౌండ్ ఫైళ్లు విడివిడిగా పెడితేనే ఆ మజా. చాలామంది ఒక్కటే పెట్టి వదిలేస్తారు, నాకైతే వినబుద్ధి కాదు.

టెండర్‌లో నీళ్లు ఎంత పెట్టావు?

పట్టాలపిచ్చి: 24,000 గ్యాలన్లు అక్కా. కిలోల్లో 1,09,000.

లోకోషెడ్ అక్క: అది బ్రిటిష్ గ్యాలన్ లెక్క. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లే. సుమారు 91,000 కిలోలు పెట్టు. బొగ్గు 28 అమెరికా టన్నులు, అంటే 25,400 కిలోలు. ఇంతకీ ఫొటోలు ఏ ఇంజిన్‌వి చూసి చేశావు?

పట్టాలపిచ్చి: 4014 నంబర్ బిగ్ బాయ్‌వి. దాని వీడియోలే ఎక్కువ దొరికాయి.

లోకోషెడ్ అక్క: 2019లో మళ్లీ పట్టాలెక్కించేటప్పుడు దాన్ని ఆయిల్‌కి మార్చేశారు. నువ్వు నడిపేది 1940ల బండి కదా, టెండర్ పైన బొగ్గు కనపడాలి.

పట్టాలపిచ్చి: నేను చక్కగా ఆయిల్ ట్యాంకు మూత కూడా చేసిపెట్టా అక్కా, బోల్టులతో సహా. సరే, ఈ ఆదివారం బొగ్గు కుప్పకి.