37 ఏళ్లకు మళ్లీ డిగ్రీ: ఉద్యోగం, ఇల్లు, చదువు మీకెలా కుదిరాయి?

గాజువాక_కౌంటర్:
నమస్కారమండీ. గాజువాకలో ఒక ప్రైవేటు ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్లో పని చేస్తున్నాను. బీకాం రెండో ఏడాదిలో ఉండగా పెళ్లయింది, చదువు అక్కడితో ఆగింది. మొన్న అకౌంట్స్‌లో ఖాళీ పడితే, నేను దగ్గరుండి పని నేర్పిన అమ్మాయికి ఇచ్చారు. ఆ అమ్మాయికి డిగ్రీ ఉంది. తనమీద కోపమేం లేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా ఆయన ప్లాంటులో కాంట్రాక్టు పని, షిఫ్టులు. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఐదు. అత్తగారు మాతోనే ఉంటారు. చదువుకుంటానంటే "చదువుకో, ఎవరొద్దన్నారు" అన్నారు అందరూ. ఎప్పుడు చదవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు! ఐదింటికి లేస్తే గిన్నెలు తోమేసరికి రాత్రి పదిన్నర. సలహాలకన్నా మీకేం జరిగిందో చెప్పండి. వైజాగ్ వాళ్లయితే మరీ మంచిది.

సి_షిఫ్ట్:
అమ్మా, నేను స్టీల్ ప్లాంటులో చేస్తూ 2013లో దూరవిద్య డిగ్రీలో చేరాను. అప్పటికి నాకు 34. "రోజూ ఎనిమిది నుంచి పది దాకా" అని టైమ్‌టేబుల్ రాసి గోడకి అంటించాను. వారం తిరిగి మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఉండే 'బి' షిఫ్ట్ వచ్చేసరికి అది పనికిరాకుండా పోయింది, ఎనిమిదికి నేను డ్యూటీలో ఉంటే చదివేదెవరు? తర్వాత షిఫ్టుని బట్టి మార్చుకున్నాను. పొద్దున్నపూట 'ఎ' షిఫ్ట్ అయితే మధ్యాహ్నం రెండింటికి దిగి, తిని, పడుకోకుండా రెండు గంటలు. బి షిఫ్ట్ అయితే పొద్దున్న పిల్లలు బడికి వెళ్లాక. సి షిఫ్ట్ వారం పుస్తకం ముట్టేవాణ్ణి కాదు. రాత్రంతా మేలుకున్న బుర్రకి ఏదీ ఎక్కదు.

హుద్‌హుద్ తుఫాను వచ్చింది గుర్తుందిగా, 2014 అక్టోబరు 12. కిటికీ ఊడిపోయి పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి. దారాలు కట్టి బట్టల్లాగా ఆరేశాం. ఆ ఎకనామిక్స్ పుస్తకం ఇప్పటికీ అప్పడంలా ఉంటుంది.

ఇంకో మాట. నేను చదివానని అందరూ మెచ్చుకున్నారు గానీ, ఆ నాలుగేళ్లూ కరెంటు బిల్లు, గ్యాసు, పిల్లల ఫీజులు, మా నాన్న మందులు అన్నీ మా ఆవిడే చూసుకుంది. నేను అడగలేదు, తను చెప్పలేదు. మీకు అలా చూసేవాళ్లెవరో ముందే అడిగి తేల్చుకోండి. ఆడవాళ్ల విషయంలో అది దానంతట అది జరగదు.

పెందుర్తి_పద్మ:
నేను మానేశాను. ఇది కూడా ఎవరో ఒకరు రాయాలి కదా. ఎమ్మే రెండో ఏడాదిలో పాపకి తరచూ జ్వరాలు, పైగా ఆఫీసులో ఆడిట్. పరీక్ష హాల్లో కూర్చుని పెన్ను పట్టుకుంటే ఫ్రిజ్‌లో సిరప్ ఉందో లేదో అన్న ఆలోచన తప్ప ఏమీ రాలేదు. ఫీజు పోయింది. ఏడాదిపాటు ఆ పుస్తకాలు చూస్తే తప్పు చేసినట్టు ఉండేది, తర్వాత ఎదురింటి అమ్మాయికి ఇచ్చేశాను. పాప ఇప్పుడు ఏడో తరగతి. మళ్లీ చేరతానేమో, చేరకపోవచ్చు.

ఎంవీపీ_లెక్కలు:
చెల్లీ, నేను ఇగ్నోలో (ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ, దూరవిద్య) బీకాం చేశాను. 2018లో చేరి 2023లో అయ్యింది. మూడేళ్ల కోర్సే, కానీ ఆరేళ్ల దాకా గడువు ఉంటుంది. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో రెండుసార్లు పెడతారు. మామగారికి బైపాస్ అయిన డిసెంబరులో ఒక్క పేపరూ రాయలేదు, జూన్‌లో రాసుకున్నాను. రెగ్యులర్ కాలేజీ అయితే అక్కడితో మానేసేదాన్నే.

అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం మార్కులు. ఈ 30ని చాలామంది చిన్నచూపు చూస్తారు. చేత్తోనే రాయాలి, చాలా టైమ్ పడుతుంది. బాబుని కరాటే క్లాసులో దింపి బయట స్కూటీ సీటు మీద అట్ట పెట్టుకుని రాసేదాన్ని. గంటకి మూడు పేజీలు. ఒకరోజు పక్కన బజ్జీల బండి నుంచి నూనె చిట్లి పేజీ మధ్యలో పడింది, బ్యాంక్ రీకన్సిలియేషన్ లెక్క మొత్తం తిరగరాశాను. బజ్జీలాయన పాపం రెండు మిరపకాయ బజ్జీలు ఊరికే ఇచ్చాడు. అసైన్‌మెంట్లు ఇచ్చాక రసీదు తీసుకుని ఫోన్‌లో ఫోటో పెట్టుకో.

ఇది మాత్రం ఫీజు కట్టే ముందే చూసుకో: నీ టెన్త్ మెమోలో ఇంటిపేరు ఏది, ఆధార్‌లో ఏది? దూరవిద్యలో చేరాలంటే 2024 నుంచి డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్య విభాగం ఇచ్చే నంబరు) తీసుకోవాలి, దానికి ముందు ఏబీసీ ఐడీ (మన చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు) కావాలి. అక్కడ ఆధార్ వివరాలే వస్తాయి. నాకు మెమోలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. ఎంకాంకి అప్లికేషన్ పెడదామని కూర్చుంటే అక్కడే ఇరుక్కున్నాను. సరిచేయించుకోవడానికి నెలన్నర పట్టింది.

గాజువాక_కౌంటర్:
అయ్యో అక్కా, నాదీ అంతే! పెళ్లయ్యాక ఆధార్‌లో మార్పించేశారు. ఇది నాకు తట్టనే లేదు.

నేను_కూతుర్ని:
మా అమ్మ నా టెన్త్ అప్పుడే డిగ్రీ రాసింది. ఇద్దరం ఒకే టేబుల్. అమ్మ చదువుతూ చదువుతూ కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టేది, మూడు కాగానే లేచేది. ఒకసారి నేను లెక్క తప్పి నాలుగు కానిచ్చాను, పప్పు మాడింది, ఇద్దరికీ తిట్లు. మా నాన్న వంట మొదలుపెట్టింది ఆ మర్నాటి నుంచే.

జంక్షన్_బాబ్జీ:
అక్కా, ఒక్క జాగ్రత్త. "పరీక్ష రాయక్కర్లేదు, ఏడాదిలో సర్టిఫికెట్ చేతికిస్తాం" అని ఫోన్లు వస్తాయి. నేను ఒకడికి 18 వేలు ఇచ్చి కూర్చున్నాను. ఆఫీసు ఖాళీ, ఫోను స్విచాఫ్. కోర్సుకి యూజీసీ గుర్తింపు ఉందో లేదో డెబ్ వెబ్‌సైట్‌లో చూసుకుని, యూనివర్సిటీ సైట్‌లోనే ఫీజు కట్టండి. ఇంజినీరింగ్, లా దూరవిద్యలో ఇస్తామంటే అసలు నమ్మొద్దు, వాటికి అనుమతి లేదు. ఇగ్నో కాకపోతే మన ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) దూరవిద్య ఉంది, 1972 నుంచి నడుస్తోంది. రెండూ కనుక్కుని, ఏ మీడియంలో చెబుతున్నారో అడిగి చేరండి.

సి_షిఫ్ట్:
ఇంట్లో కుదరకపోతే ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్లండి. పోటీ పరీక్షల పిల్లలతో నిండిపోయి ఉంటుంది. పక్కన అంతమంది చదువుతుంటే మనకి ఫోన్ తీయాలంటే సిగ్గేస్తుంది. నెలకి రెండు ఆదివారాలు వెళ్లేవాణ్ణి.

పూర్ణామార్కెట్:
డిసెంబరు పరీక్షలు అంటున్నారు, అది మార్గశిరం కదా. మా ఇంట్లో నాలుగు గురువారాలూ బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికి వెళ్లాల్సిందే. మొదటి ఏడాది ఆ విషయం చెప్పకుండా "లక్ష్మివారం పరీక్ష ఉంది" అనేసరికి ఇంట్లో పెద్ద గొడవ. టైమ్‌టేబుల్ రాగానే పంచాంగం పక్కన పెట్టుకుని మీ అత్తగారికి చూపించండి.

గాజువాక_కౌంటర్:
అందరికీ థాంక్సండీ. నిన్న మా ఆయనకి సి_షిఫ్ట్ గారి మాటలు చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, 'ఎ' షిఫ్ట్ వారాల్లో పిల్లల హోంవర్కు, రాత్రి గిన్నెలు తనవి అన్నారు. బి షిఫ్ట్ వారం మాటేంటి అంటే, "అప్పుడు పొద్దున్న టిఫిను, పిల్లల్ని తయారుచేయడం" అన్నారు. ఉప్మా తప్ప రాదు మరి, పిల్లలు ఏమంటారో చూడాలి. క్యాలెండరు మీద రాయించి సంతకం పెట్టించాను.

అత్తగారికి మార్గశిరం సంగతి కూడా చెప్పేశాను. "పరీక్ష పదింటికైతే తెల్లవారుజామునే దర్శనం చేసుకొచ్చేద్దాం, అటునుంచి అటే పో" అన్నారు.

రేపు సెలవు పెట్టి ఆధార్ సెంటరుకి వెళ్తున్నాను. ఎంవీపీ అక్కా, అసైన్‌మెంట్లకి గీతల కాగితమా, తెల్ల కాగితమా?

ఎంవీపీ_లెక్కలు:
నేను గీతలదే వాడాను. ఒకటే కట్ట కొనుక్కో, మధ్యలో కాగితం రంగు మారితే చూడ్డానికి బాగోదు.