కొత్త ప్రాజెక్టు: లింటర్, టెస్టులు, సీఐ మొదటి రోజే పెట్టాలా, పని నడిచాక పెట్టుకోవచ్చా?

కొత్తకొమ్మ
మా టీములో ముగ్గురం. టైప్‌స్క్రిప్ట్‌లో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టి వారమైంది, ఇంకో ఐదు వారాల్లో డెమో. ఇప్పటిదాకా రిపోలో (ప్రాజెక్టు కోడు, దాని హిస్టరీ ఉండే చోటు) ఉన్నవి ఇవీ: ఈఎస్‌లింట్ (కోడులో తప్పులు పట్టే లింటర్), ప్రెటియర్ (కోడును ఒకే తీరులో సర్దే ఫార్మాటర్), కమిట్‌కు (మార్పుల్ని హిస్టరీలో నమోదు చేయడానికి) ముందు వాటంతటవే నడిచే చిన్న స్క్రిప్టులు, అంటే హుక్కులు, డాకర్ (అప్లికేషన్‌ని దానికి కావాల్సినవన్నీ కలిపి ఒకే పెట్టెలా నడిపే టూలు), కమిట్ మెసేజ్ తాను చెప్పిన తీరులో లేకపోతే ఒప్పుకోని ఒక టూలు, కవరేజ్ (టెస్టులు నడిపే కోడు వాటా) 80 శాతం దాటకపోతే పీఆర్‌ని (మార్పుల్ని కలపమని పెట్టే రిక్వెస్టుని) ఆపేసే సీఐ (కోడు పంపినప్పుడల్లా బిల్డు, టెస్టులు దానంతటదే నడిపే ఏర్పాటు). లేనిదల్లా అప్లికేషనే. లాగిన్ స్క్రీన్ ఒక్కటి వచ్చింది, అదీ సగం.

ఇవన్నీ పెట్టినతను "ఇప్పుడు పెట్టకపోతే ఇంకెప్పటికీ పెట్టం" అంటాడు. రెండో అతను "ముందు నడిచేదొకటి చూపించు, తర్వాత ఎన్ని రూల్సయినా పెట్టుకో" అంటాడు. నిన్న పీఆర్ కామెంట్లలోనే ఇద్దరూ తగువులాడుకున్నారు. ఇక నా ఓటు ఒక్కటే మిగిలింది. మీరైతే ఎటు వేస్తారు?

సెమికోలన్
రెండో అతనికే. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ కవరేజ్ రూలు. మొదటి నెలలో రాసే కోడులో చాలావరకు పారేసేదే. టేబుల్స్ మారతాయి, స్క్రీన్లు మారతాయి, అసలు మనం ఏం కడుతున్నామో మూడో వారానికి గానీ తెలీదు. అలాంటి కోడుకు ఒళ్లు హూనం చేసుకుని టెస్టులు రాస్తే, డిజైన్ తప్పని తెలిశాక కూడా దాన్ని ముట్టుకోబుద్ధి కాదు. ముట్టుకుంటే నలభై టెస్టులు మార్చాలి మరి.

హుక్కుల సంగతి సరే సరి. కమిట్ కొట్టిన ప్రతిసారీ అర నిమిషం ఆగాల్సి వస్తే, రెండో రోజుకల్లా అందరూ హుక్కుల్ని దాటేసే నో-వెరిఫై అని టైప్ చేయడం నేర్చుకుంటారు.

పాతబగ్
మొక్కై వంగనిది మానై వంగదు అని మా వైపు కూడా సామెత ఉందండీ. నేను చేరిన ఒక ప్రాజెక్టులో రెండేళ్లు ఫార్మాటర్ లేదు. ఒకరిది ట్యాబు, ఒకరివి రెండు స్పేసులు, ఇంకొకరివి నాలుగు. ఒక శుక్రవారం సాయంత్రం ధైర్యం చేసి ఫార్మాటర్ నడిపాను. ఒక్క కమిట్‌లో దాదాపు ఫైళ్లన్నీ మారిపోయాయి. సోమవారం వచ్చేసరికి మెర్జ్ కావాల్సిన ప్రతి బ్రాంచిలోనూ ఒకే లైనులో రెండు మార్పులు ఢీకొనే కాన్‌ఫ్లిక్టులే. పైగా ఆ రోజు నుంచి ఏ లైను మీద గిట్ బ్లేమ్ (ఆ లైను చివరగా ఎవరు మార్చారో చూపే కమాండ్) కొట్టినా నా పేరే. "ఈ డిస్కౌంట్ లెక్క ఇలా ఎందుకు రాశావు?" అని నన్ను పిలిచి అడిగేవారు. అందులో నేను రాసినవి ఖాళీలు మాత్రమే!

సెమికోలన్
దానికి విరుగుడు ఉంది. ఫలానా కమిట్లను వదిలేసి బ్లేమ్ చూపించమనే ఆప్షన్ 2019లో గిట్ 2.23తో వచ్చింది. ఆ కమిట్ ఐడీని ఒక ఫైల్లో రాసి రిపోలో పెట్టి, గిట్ కాన్ఫిగ్‌లో ఆ ఫైలు పేరు చెబితే చాలు. ఆలస్యంగా చేసినా కొంప మునగదు.

పాతబగ్
బ్లేమ్ బాగుపడుతుంది, ఒప్పుకుంటా. మరి కాన్‌ఫ్లిక్టులు? వాటితో మాకు రెండు రోజులు పోయాయి. ఖాళీ రిపోలో అదే పని రెండు నిమిషాలు.

రాత్రిషిఫ్ట్
మీరిద్దరూ అన్నింటినీ ఒకే మూటగా కట్టి పెట్టాలా వద్దా అంటున్నారు. నేనైతే ఒక్కో టూలుకూ ఒకటే అడుగుతా: ఇదే పని ఆరు నెలల తర్వాత చేస్తే ఎంత పడుతుంది?

అన్నిటికంటే ముందు గిట్‌ఇగ్నోర్, అంటే గిట్ ఏ ఫైళ్లను పట్టించుకోకూడదో రాసే ఫైలు. పాస్‌వర్డులు, ఏపీఐ కీలు ఉన్న ఎన్వ్ ఫైలు ఒక్కసారి కమిట్ అయిందంటే, తర్వాతి కమిట్‌లో డిలీట్ చేసినా హిస్టరీలో అలాగే ఉంటుంది. రిపో క్లోన్ చేసిన ఎవరికైనా కనిపిస్తుంది. హిస్టరీ తిరగరాసినా అప్పటికే క్లోన్ చేసుకున్నవాళ్ల దగ్గర కాపీ ఉండనే ఉంది. కాబట్టి ఆ కీ మార్చాల్సిందే. మొదట్లోనే ఒక్క లైను రాసి ఉంటే ఈ టెన్షన్ ఉండేది కాదు.

సీఐ విషయానికొస్తే, అది పెద్దగా ఉండక్కర్లేదు గానీ మొదటి రోజే కావాలి. ఎందుకో చెప్తా. మాది పాత జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు. ఫైలు పేరు యూజర్‌కార్డ్, అందులో కార్డ్‌కు క్యాపిటల్ సి. ఒకాయన ఇంపోర్ట్ లైనులో స్మాల్ సి రాశాడు. మ్యాక్‌లోనూ విండోస్‌లోనూ మామూలుగా ఫైలు పేర్లలో ఆ తేడా పట్టించుకోరు కాబట్టి మా అందరి లాప్‌టాప్‌లలో చక్కగా నడిచింది. సర్వర్ లైనక్స్. అక్కడ అవి రెండు వేర్వేరు పేర్లు, కాబట్టి ఫైలు దొరకలేదంది. అది మాకు తెలిసింది డిప్లాయ్ చేసే రాత్రి. లైనక్స్ మీద కేవలం ఇన్‌స్టాల్, బిల్డ్ చేసే పది లైన్ల సీఐ ఉన్నా పీఆర్ దగ్గరే పట్టుకునేది.

డబుల్‌కోట్
లాక్‌ఫైల్ మర్చిపోయారు! 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని జావాస్క్రిప్ట్ ప్యాకేజీల రిజిస్ట్రీ ఎన్‌పీఎం నుంచి తీసేస్తే ఎన్ని బిల్డులు విరిగాయో గుర్తుందిగా. లాక్‌ఫైల్ ఉంటే ఆ గొడవే ఉండేది కాదు.

రాత్రిషిఫ్ట్
లాక్‌ఫైల్ ఉండాలన్నది సరే, ఉదాహరణే తప్పు. లాక్‌ఫైల్ ఏ వర్షన్ కావాలో చెబుతుంది, అంతే. ఆ వర్షనే రిజిస్ట్రీలో లేకుండా పోతే అది మాత్రం ఏం చేస్తుంది? అప్పుడు గట్టెక్కించేది మన దగ్గర నకళ్లు దాచుకునే సొంత క్యాష్ లేదా మిర్రర్.

సరైన ఉదాహరణ 2022 జనవరిలో కలర్స్ ప్యాకేజీ. దాన్ని నడిపే మనిషే కావాలని అంతులేని లూప్ పెట్టి 1.4.1 విడుదల చేశాడు. 1.4.0 దగ్గర లాక్ చేసుకుని, దాని ప్రకారమే ఇన్‌స్టాల్ చేసినవాళ్లకు చీమ కుట్టినట్టు కూడా లేదు. "1.4.0 లేదా ఆపైన" అని వదిలేసినవాళ్ల టెర్మినల్ పిచ్చి అక్షరాలతో నిండిపోయింది. సీఐలో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ అనే కమాండ్ వాడమనేది అందుకే. లాక్‌ఫైల్‌కీ ప్యాకేజ్ ఫైల్‌కీ పొంతన లేకపోతే అది అక్కడే ఆగిపోతుంది, తన ఇష్టమొచ్చినట్టు సర్దదు.

ఖాళీలైను
టైప్‌స్క్రిప్ట్ అన్నారు కదా, టైపుల్ని గట్టిగా తనిఖీ చేసే స్ట్రిక్ట్ ఆన్‌లో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఏడాది తర్వాత ఆన్ చేస్తే వచ్చే ఎర్రగీతల్ని లెక్కపెట్టే ఓపిక కూడా ఉండదు. మేం ఇప్పటికీ ఫోల్డరు తర్వాత ఫోల్డరు సరిచేస్తూనే ఉన్నాం.

సెమికోలన్
రాత్రిషిఫ్ట్ గారు చెప్పిన వాటితో నాకు పేచీ లేదు. గిట్‌ఇగ్నోర్, లాక్‌ఫైల్, ఫార్మాటర్, చిన్న సీఐ, అన్నీ కలిపినా ఒక పూట పని. నా గొడవంతా ఆ 80 శాతం మీదే. కవరేజ్ అంటే టెస్టు నడిచినప్పుడు ఏయే లైన్లు నడిచాయన్న లెక్క, అంతే. ఫంక్షన్‌ని పిలిచి, వచ్చిన జవాబు సరైనదో కాదో చూడకుండా వదిలేసినా ఆ లైన్లు కవర్ అయినట్టే. డెడ్‌లైన్ మీద ఉన్నవాణ్ని ఈ అంకెతో బెదిరిస్తే వాడు రాసేవి సరిగ్గా అలాంటి టెస్టులే. నేనూ రాశాను, దాచేదేముంది.

పాతబగ్
అయితే అసలు టెస్టులే వద్దంటారా?

సెమికోలన్
డబ్బు లెక్కలు, తేదీలు, ఎవరికి ఏ పర్మిషన్, వీటికి మొదటి రోజే రాయండి. స్క్రీన్ మీద బటన్ ఎడమనా కుడినా అన్నదానికి ఇప్పుడొద్దు. బగ్ దొరికినప్పుడల్లా ముందు దాన్ని పట్టే టెస్టు రాసి, తర్వాత బగ్ సరిచేయండి. అలా పోగైన టెస్టులకు శాతం ఎంతొచ్చినా నాకు ఫరవాలేదు.

పాతబగ్
ఇది మొదటి పోస్టులో చెప్పి ఉంటే మనం ఇంత కొట్టుకునేవాళ్లం కాదు.

రాత్రిషిఫ్ట్
హుక్కుల గురించి ఒక మాట. అవి గిట్ హుక్స్ ఫోల్డరులో ఉంటాయి, క్లోన్ చేస్తే వాటంతటవి రావు. ఎవరి మెషీన్లో వాళ్లు పెట్టుకోవాలి, లేదా ఇన్‌స్టాల్‌తో పాటు వచ్చేలా ఏర్పాటు చేయాలి. అప్పుడు కూడా దాటేయొచ్చు. అందుకే హుక్కులో ఫార్మాటింగ్ ఒక్కటే ఉంచి, అదీ మారిన ఫైళ్లకే, మిగతాదంతా సీఐకి వదిలేయడం నా అలవాటు. కొత్తకొమ్మా, ఇవాళే ఒక పని చెయ్యి. రిపోను ఎప్పుడూ చూడని మనిషి చేత కొత్తగా క్లోన్ చేయించు. రీడ్‌మీ తప్ప ఇంకేమీ చెప్పకు. అప్లికేషన్ లేస్తుందేమో చూడు.

కొత్తకొమ్మ
చేయించాను. పక్క టీము అమ్మాయి క్లోన్ చేసింది. నాలుగో నిమిషంలో ఆగిపోయింది. రీడ్‌మీలో నోడ్ (జావాస్క్రిప్ట్‌ని నడిపేది) వర్షన్ రాయలేదు, ఎన్వ్ ఫైల్లో ఏమేం ఉండాలో చూపించే నమూనా లేదు. ఇన్ని టూల్స్ పెట్టినతను వచ్చి చూసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే కవరేజ్ రూలు, కమిట్ మెసేజ్ టూలు తీసేసి, నమూనా ఫైలు పెట్టి పీఆర్ పంపాడు. రెండో అతను వెంటనే అప్రూవ్ కొట్టాడు. డాకర్ మీద మాత్రం ఇద్దరికీ ఇంకా ఒప్పందం కుదరలేదు, అది రేపు వేరే థ్రెడ్‌లో అడుగుతా.