8, 5, 3 ఏళ్ల పిల్లలకు ఇంటి చదువు: వారం ఎలా నడపాలి?

కొర్లగుంట అమ్మ, తిరుపతి:

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయికి 8 ఏళ్లు, అబ్బాయికి 5, చిన్నదానికి ఇంకా 3 నిండలేదు. ఈ జూన్ నుంచి ముగ్గురినీ ఇంటి దగ్గరే చదివించాలని నిర్ణయించుకున్నాము. మావారిది షిఫ్టుల ఉద్యోగం కనుక పగటి చదువు బాధ్యత నాదే. మా అత్తగారు ఇంట్లోనే ఉంటారు గాని మోకాళ్ల నొప్పుల వల్ల పిల్లల వెంట తిరగలేరు. గంట కొట్టి పాఠం మార్చే బడి పద్ధతి నాకు ఇష్టం లేదు. అలాగని ఏ క్రమమూ లేకపోతే రోజంతా ఎవరో ఒకరిని బతిమాలడంతోనే సరిపోతుందేమోనని భయంగా ఉంది. పెద్దదానికి తీసివేతలు చెబుతుంటే చిన్నది వచ్చి పలక లాక్కుంటుంది, మధ్యవాడు కథ చెప్పమని కూర్చుంటాడు. ఏవి ముగ్గురికీ కలిపి చెప్పాలి, ఏవి విడిగా చెప్పాలి, వారంలో ఏ రోజు ఏమి పెట్టుకోవాలి? ముందుముందు పరీక్షల సంగతి కూడా తెలిసినవారు చెప్పగలరు.

గిరింపేట, చిత్తూరు:

మా పిల్లలనూ ఇంట్లోనే చదివిస్తున్నాము కనుక మాకు కుదిరిన పద్ధతి చెబుతాను. గడియారాన్ని పక్కన పెట్టి, ఇంట్లో రోజూ ఎలాగూ జరిగే పనులకే చదువును ముడివేయండి. టిఫిను కాగానే ముగ్గురూ కలిసి ఒక పద్యం, ఆపైన కథ. భోజనమయ్యాక చిన్నవాళ్లకు నిద్ర, పెద్దమ్మాయికి చదువు. దీపం పెట్టే వేళకు ఆటవస్తువులు సర్దడం. ఈ మూడూ కుదురుకుంటే మిగిలిన రోజు కొంచెం అటూ ఇటూ అయినా పిల్లలు తికమకపడరు.

వారంలో సోమవారం కొత్త కథ, మంగళవారం లెక్కలు, బుధవారం బొమ్మలూ మట్టిపనీ, గురువారం రైతుబజారు, శుక్రవారం ముగ్గు, శనివారం ఊరు చూడటం పెట్టుకున్నాము. వీటిలో ముగ్గు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వయసు తేడా ఉన్న పిల్లలను ఒకే పనిలో కూర్చోబెట్టడానికి అంతకు మించినది నాకు కనబడలేదు. ఏడేసి చుక్కలతో ఏడు వరుసలు పెట్టేటప్పుడు మీ చిన్నది పిండి చల్లుతుంది, అబ్బాయి చుక్కలు లెక్కపెడతాడు, పెద్దమ్మాయి లెక్కపెట్టకుండానే 49 అని చెప్పడం నేర్చుకుంటుంది. తరువాత నడిమి వరుసలో 7 పెట్టి, రెండువైపులా సందుచుక్కగా 4 వచ్చేదాకా తగ్గిస్తే మొత్తం ఎన్నవుతాయో పెట్టకముందే చెప్పమనండి. 4, 5, 6 కలిపితే 15, రెండోవైపు మరో 15, నడుమ 7, వెరసి 37 అని తానే పట్టుకుంటుంది. ఒక సగం రెండో సగంతో సరిపోయేలా గీత తిప్పడం కూడా లెక్కే గదా.

చిన్నదానిని మీ అత్తగారి పక్కన కూర్చోబెట్టి ఏదైనా చేతిపని ఇవ్వండి. మా ఇంట్లో చలికాలం పితికిపప్పుకు నానబెట్టిన అనపగింజలను తొక్క ఊడేలా పితకడం చిన్నవాడి వంతు. ఆ వయసు వేళ్లకు అక్షరాలు దిద్దడంకన్నా అదే మంచి సాధన అని నా అభిప్రాయం.

విశ్రాంత ఉపాధ్యాయుడు, చంద్రగిరి:

అమ్మా, మీరు చెప్పిన చిక్కు మా ఏకోపాధ్యాయ పాఠశాలల్లో రోజూ ఉండేదే. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా అందరూ ఒకే గదిలో కూర్చునేవారు. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీలో ఇటువంటి పల్లె బడుల కోసమే కార్డులతో ఒక పద్ధతిని తయారుచేశారు. అందులో పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొడతారు, ప్రతి పిల్లవాడూ తానున్న మెట్టు నుంచే ముందుకు పోతాడు. కొందరు గురువుతో, కొందరు తోటివారితో, కొందరు ఒంటరిగా పనిచేస్తూ ఉంటారు. మీరు కూడా పనులను ఇలాగే మూడుగా విడదీసుకోండి. పెద్దమ్మాయికి కొత్త లెక్క చెప్పే పావుగంటలో అబ్బాయి ఒంటరిగా చేసుకోగల పని, చింతపిక్కలను పదేసి చొప్పున కుప్పలు పెట్టడం వంటిది, ముందుగానే అతడి చేతికి ఇచ్చి ఉండాలి. అతడి వంతు వచ్చినప్పుడు ఆమె నేర్చుకున్న లెక్కలను అభ్యాసం చేసుకుంటుంది.

గిరింపేట వారి మాటల్లో ఒకదానితో నేను ఏకీభవించను. లెక్కలను మంగళవారానికే పరిమితం చేస్తే మళ్లీ మంగళవారం వచ్చేసరికి సగం మరచిపోతారు. చదవడం, లెక్క రోజూ కొద్దికొద్దిగా ఉండాలి. బజారు, ముగ్గు, మట్టిపని వారానికొకసారి అయినా నష్టం లేదు. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వయసును ఒకే పునాది దశగా తీసుకుని ఆటపాటల ద్వారా నేర్పమంటుంది కనుక, అయిదేళ్లవాడి చేత గుణింతాలు పేజీలకొద్దీ రాయించవలసిన పని లేదు. తల, వల, పలక వంటి తెలిసిన మాటలను చూసి చదవగలిగితే ఈ ఏడాదికి చాలు. పెద్దమ్మాయి తమ్ముడికి కథ చదివి వినిపించవచ్చు గాని ఆమెను పూర్తిగా పంతులమ్మను చేయకండి, ఆమె చదువు కుంటుపడుతుంది.

ఊరు చూడటానికి శనివారం వద్దు. తిరుపతిలో వారాంతపు రద్దీ, అందులోనూ పెరటాసి అనే తమిళ నెలలో వచ్చే శనివారాల రద్దీ, మీకు తెలియనిది కాదు. అలిపిరి వైపున్న ప్రాంతీయ విజ్ఞాన కేంద్రాన్ని, మా చంద్రగిరి కోటను వారం మధ్యలో నిదానంగా చూడవచ్చు. కోటలోని రాజమహలు ప్రదర్శనశాలకు శుక్రవారం సెలవు. అక్టోబరు దాటి ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక కపిలతీర్థానికి తీసుకువెళ్లి, కొండ మీద వాన కురిసిన మరునాడు జలపాతం ఎంత పెరిగిందో చూపించండి.

శ్రీకాళహస్తి:

పరీక్షల సంగతి నేను చెబుతాను. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది, అందులో ఇంటి చదువు ప్రస్తావన ప్రత్యేకంగా లేదు. అయితే బడి బయట ఉన్న పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని అదే చట్టంలోని 4వ సెక్షన్ చెబుతుంది కనుక, మధ్యలో మనసు మారినా దారి మూసుకుపోదు. ఎన్ఐఓఎస్ అని పిలిచే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో ఎ, బి, సి అనే స్థాయిలు వరుసగా 3, 5, 8 తరగతులకు సమానం. పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి. పెద్దమ్మాయి ఇంతవరకు బడికి వెళ్లి ఉంటే టీసీ తీసి దాచుకోండి.

కొర్లగుంట అమ్మ, తిరుపతి:

అందరికీ ధన్యవాదాలు. చదవడం, లెక్క రోజూ టిఫిను తరువాతే పెట్టుకుంటాను, మావారికి వారం మధ్యలో ఏ రోజు సెలవు వస్తే ఆ రోజే ఊరు చూస్తాము. జూన్‌లో అనపకాయలు దొరకవు కదా, చిన్నదానికి వేరే ఏ పని చెప్పమంటారు?

గిరింపేట, చిత్తూరు:

మునగాకు రెమ్మల నుంచి దూసి గిన్నెలో వేయమనండి, కొత్తిమీర తుంచమనండి. మీ అత్తగారు కూర్చున్నచోటు నుంచే చూసుకోవచ్చు. మాస్టారు చెప్పిన చింతపిక్కలను మాత్రం చిన్నది నిద్రపోయాకనే బయటికి తీయండి, ఆ వయసు పిల్లలు వాటిని ముక్కులో పెట్టుకుంటారు.