బెజవాడ నుంచి బెంగళూరు: ఇల్లు ఆఫీసు పక్కనా, మెట్రో పక్కనా?

బెజవాడ_బాబు
అందరికీ నమస్కారం. జూన్‌లో విజయవాడ నుంచి బెంగళూరు మారుతున్నాం. నా ఆఫీసు ఔటర్ రింగ్ రోడ్డు మీద, కాడుబీసనహళ్ళిలో. వారానికి మూడు రోజులు తప్పనిసరిగా వెళ్ళాలి. రెండు ఇళ్ళు చూశాం. ఒకటి పాణత్తూరులో, ఒకటి గరుడాచార్‌పాళ్య మెట్రో స్టేషన్ దగ్గర. అద్దెలు ఇంచుమించు ఒకటే. ఏపీ నంబరు కారు, స్కూటీ ఉన్నాయి. ఏ ఇల్లు తీసుకోమంటారు? బాబు ఒకటో తరగతి. మా ఆవిడ ఆఫీసు వైట్‌ఫీల్డ్ వైపు ఐటీ పార్కు, ఐటీపీఎల్‌లో.

సీమ_సైలెన్సర్
ఇందులో అడిగేదేముందప్పా? పాణత్తూరు తీసుకో. కాడుబీసనహళ్ళి మూడు కిలోమీటర్ల లోపే. ఈ ఊర్లో ఒక్క పెద్ద జంక్షన్ దాటాల్సొచ్చినా పొద్దన్నే అరగంట గోవిందా. గరుడాచార్‌పాళ్య నుంచి రావాలంటే దొడ్డనెక్కుంది దాటాల, మారతహళ్ళి బ్రిడ్జి దాటాల. పాణత్తూరు నుంచైతే స్కూటీ మీద రైలు బ్రిడ్జి కింద దూరినావంటే రింగ్ రోడ్డే. మెట్రో మెట్రో అంటారు గానీ, రింగ్ రోడ్డు మీద మెట్రో యాడుంది? పిల్లర్లు లేచినాయి, రైలు రాలేదు.

పర్పుల్_ప్రసాద్
ఆ రైలు బ్రిడ్జి సంగతి సగమే చెప్పారు. బళగెరె, గుంజూరు, వర్తూరు వైపు అపార్ట్‌మెంట్ల బళ్ళు రింగ్ రోడ్డు ఎక్కడానికి పొద్దున ఆ బ్రిడ్జి కిందికే వస్తాయి. దానికి తోడు ఆ ఎస్ మలుపు. అక్కడ స్కూలు బస్సుకి ట్యాంకర్ ఎదురొచ్చిందంటే రెండూ ఆగిపోతాయి. వెనక్కి తీద్దామంటే వెనక చోటుండదు. గట్టి వాన పడితే బ్రిడ్జి కింద నీళ్ళు నిలుస్తాయి, అప్పుడు మొత్తం చుట్టూ తిరిగి రావాలి. ఆ మూడు కిలోమీటర్లు మ్యాప్‌లో చూసుకోవడానికే.

గరుడాచార్‌పాళ్య నుంచి రెండో స్టేషన్ కేఆర్ పుర. అక్కడ దిగి రింగ్ రోడ్డు బస్సు ఎక్కచ్చు. ఈ మెట్రో లైన్లో వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా 2023 అక్టోబరు నుంచి రైలు తెగకుండా నడుస్తోంది. రేపు కంపెనీ మారి ఎంజీ రోడ్డు వైపు పడినా ఇల్లు మారే పని లేదు.

గద్వాల్_గాడు
ఎటు వోయినా లొల్లే. వర్క్ ఫ్రం హోం అడుగు అన్నా.

సీమ_సైలెన్సర్
ప్రసాద్ గారూ, బస్సు ఎదురొస్తే ఇరుక్కునేది కార్లు. టూవీలరు పక్క నుంచి వచ్చేస్తాది. మీరు కేఆర్ పురలో దిగినాక సంగతి చెప్పండి. మెట్లు దిగాల, రోడ్డు దాటాల, బస్సు కోసం నిలబడాల. హెబ్బాళ నుంచి వచ్చే 500డి బస్సు టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ కాడికే నిండిపోయింటాది. 2019లో సిల్క్ బోర్డు నుంచి టిన్ ఫ్యాక్టరీ దాకా బస్సులకని విడిగా ఒక లేన్ పెట్టినారు. అది నిలబడింటే మీ మాట ఒప్పుకుందును. మెట్రో పనులొచ్చి అదీ పాయ. ఇప్పుడు వజ్ర ఏసీ బస్సైనా, మామూలు బస్సైనా కార్ల వెనకాల నిలబడాల్సిందే.

పర్పుల్_ప్రసాద్
టిన్ ఫ్యాక్టరీ బాధ ఇందిరానగర్, బైయప్పనహళ్ళి వైపు నుంచి రోడ్డు మీద వచ్చేవాళ్ళది. గరుడాచార్‌పాళ్య దానికి ఇవతల ఉంది. కేఆర్ పుర దాకా పోకుండా మహదేవపుర దగ్గర రింగ్ రోడ్డు మీదే బస్సెక్కచ్చు. కాకపోతే సీటు దొరకదు.

సీమ_సైలెన్సర్
సీటు దొరకదని మీరే అంటిరి. ఇంకేం మిగిలింది?

చిత్తూరు_చిన్నోడు
ఇల్లు సంగతి మీరు తేల్చుకోండి గానీ, ఏపీ బళ్ళ మాట ఎవరూ ఎత్తట్లేదు. వేరే రాష్ట్రం నంబరుతో ఇక్కడ 12 నెలలకు మించి తిప్పకూడదు. బయల్దేరకముందే అక్కడి ఆర్టీఓలో ఫారం 28తో ఎన్‌ఓసీకి, అంటే బండి వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే కాగితానికి పెట్టండి. చలాన్లు ఏమైనా ఉంటే ముందు కట్టేయాలి, లేకపోతే ఫైలు కదలదు. కారు మీద లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ కూడా కావాలి, ఆలస్యమంతా అక్కడే. ఇక్కడికొచ్చాక కొత్త నంబరుకి ఫారం 27, దాంతో లైఫ్ ట్యాక్స్. బండి వయసును బట్టి తగ్గిస్తారు, అయినా కర్ణాటకలో కార్లకి ఆ ట్యాక్స్ నొప్పి పుట్టేంత ఉంటుంది. బాగా పాత కారైతే అక్కడే అమ్మేసి రండి. అక్కడ కట్టినదాంట్లో మిగిలిన కాలానికి రీఫండ్ అడగాలంటే ఇక్కడ కొత్త నంబరు పడ్డాకే.

రింగ్ రోడ్డు మీద ఏపీ, టీజీ నంబర్లు ఆపి కాగితాలు అడగడం మామూలే. ఎప్పుడొచ్చారో చూపించడానికి టోల్ రసీదో, అద్దె అగ్రిమెంటో బండిలో పెట్టుకోండి.

బెజవాడ_బాబు
చిన్నోడు గారూ, చాలా థాంక్స్. సైలెన్సర్ గారూ, పాణత్తూరు నుంచి స్కూటీ మీద అంటే వానాకాలం ఎలాగండీ?

పర్పుల్_ప్రసాద్
2022 సెప్టెంబరు ఫోటోలు వెతికి చూడండి. బెళ్ళందూరు దగ్గర రింగ్ రోడ్డు మునిగితే ఉద్యోగుల్ని ట్రాక్టర్ల మీద దాటించారు.

సీమ_సైలెన్సర్
ఎప్పటిదో ఒక్క వాన పట్టుకొని ఇంకా ఎన్నేండ్లు చెప్తారు? మీ మెట్రో టికెట్టు 2025 ఫిబ్రవరిలో పెంచి 90 దాకా తీసుకుపాయిరి, అది చెప్పరే?

హూడి_సుమ
ఇందాకట్నుంచి చదువుతున్నాను. అడిగినాయన చివర్లో ఇద్దరి గురించి రాశారు. ఒకటో తరగతి బాబు, ఐటీపీఎల్‌లో పనిచేసే భార్య. ఇన్ని పోస్టుల్లో ఐటీపీఎల్ పేరెత్తినవాళ్ళు ఒక్కరు లేరు. అందరూ లెక్కేస్తున్నది ఆయన మూడు రోజుల ప్రయాణమే. ఆవిడ ఎన్ని రోజులు వెళ్ళాలో అడిగారా?

పాణత్తూరు నుంచి ఐటీపీఎల్ అంటే పది కిలోమీటర్ల దాకా ఉంటుంది. కుందలహళ్ళి గేటు, బ్రూక్‌ఫీల్డ్, గ్రాఫైట్ ఇండియా సిగ్నల్, అన్నీ దాటాలి.

సీమ_సైలెన్సర్
ఆఫీసు క్యాబ్ ఉంటాది కదా మేడమ్. లేదంటే స్కూటీ ఆమెకిచ్చి ఆయన కార్లో పోతాడు.

కావలి_కాకి
క్యాబ్ అని ఆశ పెట్టుకోకండి. మా కంపెనీలో ఇంటర్వ్యూ అప్పుడు క్యాబ్ ఉందన్నారు, చేరాక జీతంలో కోత పెట్టారు. ఆఫర్ లెటర్లో ఆ ముక్క రాసుందో లేదో చూసుకోండి.

హూడి_సుమ
స్కూటీ ఆవిడకిస్తే మీ పాణత్తూరు వాదన అక్కడితో సరి. బ్రిడ్జి దగ్గర ఇరుక్కునేది కార్లేనని మీరే రాశారు. షేరింగ్ క్యాబ్ అంటే మొదట ఎక్కినవాళ్ళు ఊరంతా తిరిగి ఆఖర్న దిగాలి. స్కూలు బస్సు బాబుని మధ్యాహ్నం దింపుతుంది. అప్పుడు ఎవరుంటారు? వానకి బ్రిడ్జి ఆగితే పిల్లాడి బస్సూ ఆ రోడ్డు మీదే ఆగుతుంది.

సీమ_సైలెన్సర్
మేడమ్, మీరు దీన్ని ఆడా మగా గొడవ చేస్తాండారు. ఆయన రూట్ అడిగినాడు, రూట్ చెప్పినా.

పర్పుల్_ప్రసాద్
సుమ గారు అన్నదే నేనూ మొదట్నుంచి అంటున్నాను.

హూడి_సుమ
మీరన్నది అది కాదండీ. కంపెనీ మారితే, ఎంజీ రోడ్డు పడితే అన్నారు. అదీ ఆయన కంపెనీయే.

బాబు గారూ, మెట్రో పక్కన తీసుకుంటే ఇవి చూసుకోండి. గరుడాచార్‌పాళ్య నుంచి హూడి, సీతారాంపాళ్య, కుందలహళ్ళి, నల్లూరహళ్ళి, సత్యసాయి హాస్పిటల్, తర్వాత పట్టందూరు అగ్రహార. ఐటీపీఎల్‌కి దిగేది అక్కడే. రైల్లో పావుగంట. వైట్‌ఫీల్డ్ అని చివరి స్టేషన్ దాకా పోతే అది కాడుగోడి, దాటిపోయినట్టే. కుందలహళ్ళి స్టేషన్ వేరు, కుందలహళ్ళి గేటు వేరు, మధ్య రెండు కిలోమీటర్ల పైనే. బ్రోకరు "మెట్రో పక్కనే" అంటే ఏ స్టేషనో, ఏ గేటో అడిగి, మీ కాళ్ళతో నడిచి చూడండి. ఫుట్‌పాత్ ఎక్కడ తెగిందో, రాత్రి లైట్లు ఉన్నాయో లేదో నడిస్తేనే తెలుస్తుంది. నడిచే దూరం కాకపోతే రోజూ ఆటో. మీటరు రేటు 2025 ఆగస్టు నుంచి మొదటి రెండు కిలోమీటర్లకి 36, ఆపైన కిలోమీటరుకి 18. చిన్న దూరాలకి మీటరు వేసేవాళ్ళు అరుదు. స్మార్ట్ కార్డు తీసుకుంటే మెట్రోలో 5 శాతం తగ్గుతుంది.

శక్తి పథకంలో ఆడవాళ్ళకి బస్సు ఉచితం అని విని వస్తారు. కర్ణాటక అడ్రసున్న కార్డు చూపించాలి, విజయవాడ ఆధార్ చెల్లదు. ఏసీ బస్సులకీ, మెట్రోకీ వర్తించదు. అగ్రిమెంటు రాగానే ఆధార్‌లో అడ్రసు మార్పించండి.

స్కూలు మాత్రం స్టేషన్‌తో సంబంధం లేకుండా ఇంటికి దగ్గర్లో చూడండి. వైట్‌ఫీల్డ్ మెయిన్ రోడ్డు దాటక్కర్లేని వైపైతే ఇంకా మంచిది.

సీమ_సైలెన్సర్
సరే, మనసులో మాట చెప్తా. ఇంట్లో ఎవరి జీతం పెద్దదో వాళ్ళ ఆఫీసు కాడ ఇల్లుండాల. ఆ మనిషి అలిసిపోతే ఇల్లు నడవదు. నేను చెప్పేది అంతే.

హూడి_సుమ
ఈ మాట మొదటి పోస్టులోనే అనుంటే టిన్ ఫ్యాక్టరీ చుట్టూ ఇంతసేపు తిరగక్కర్లేదు. ఆయన జీతాలు రాయలేదు. పెద్దది ఆయనదే అని మీరే అనేసుకున్నారు. జీతం పక్కన పెట్టి, పిల్లాడికి జ్వరమొస్తే ముందు ఎవరు ఇంటికి రావాలో చూసి ఇల్లు తీసుకోండని నేనంటాను.

బెజవాడ_బాబు
ఆవిడకి వారంలో ఐదు రోజులూ ఆఫీసే. జీతాల సంగతి ఎందుకు లెండి.

గద్వాల్_గాడు
సమజైంది అన్నా.

చిత్తూరు_చిన్నోడు
ఆదివారం వచ్చి రోడ్లు ఖాళీ అని అడ్వాన్సు ఇచ్చేయకండి. మంగళ, బుధ, గురువారాల్లో ఒక రోజు పొద్దున ఎనిమిదిన్నరకి రెండు ఇళ్ళ నుంచీ ఇద్దరూ విడివిడిగా బయల్దేరి చూడండి. సాయంత్రం ఆరింటికి తిరుగు ప్రయాణం కూడా. ఐదారు నెలల అద్దె అడ్వాన్సు అడుగుతారు, అగ్రిమెంటు 11 నెలలకి రాస్తారు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల కోస్తారు. నచ్చలేదని మధ్యలో మారడం అంత తేలిక కాదు.

బెజవాడ_బాబు
బుధవారం సెలవు పెట్టుకుని ఇద్దరం వస్తాం. ఇప్పటికైతే గరుడాచార్‌పాళ్య వైపే ఉంది మనసు. నేను మహదేవపుర దగ్గర 500డి చూసుకుంటాను, లేదంటే స్కూటీ.

సీమ_సైలెన్సర్
మీ ఇష్టం. దొడ్డనెక్కుంది కాడ నిలబడినప్పుడు నా మాట గుర్తొస్తాది. పాణత్తూరు ఇల్లు వదిలేస్తే ఆ ఓనరుతో ఒక మాట చెప్పి పెట్టు, మా పిన్ని కొడుకు ఆ పక్కే వెతుకుతాండాడు.