వేలం సైట్లలో అమ్మేవాళ్లు కొన్నవాళ్లకి నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ఇచ్చే వీలే లేదు, ఇది న్యాయమేనా?

కలంకారీ_తిరుపతి:
అందరికీ నమస్తే. కాళహస్తి కళాకారుల దగ్గర కలంకారీ గుడ్డలు కొని ఒక విదేశీ వేలం సైట్లో పెడుతుంటాను. ఈమధ్య ఒక జీవవృక్షం ప్యానెల్ పెడితే ఒకాయన పాట గెలిచి, గుర్తు చేయగా చేయగా ఎప్పటికో డబ్బు కట్టాడు. సరుకు అందాక నెగెటివ్ పెట్టాడు, వాసన వస్తోందట, గీతలు ఒకేలా లేవట. గుడ్డని కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఎండబెడతారు కాబట్టి కొన్నాళ్లు ఆ వాసన ఉంటుంది, వెదురు కలంతో చేత్తో గీసిన గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతుంది, ఇదంతా లిస్టింగ్‌లో రాశాను, దగ్గరి ఫొటోలూ పెట్టాను. ఆయనకి నేను ఫీడ్‌బ్యాక్ ఇవ్వాలంటే పాజిటివ్ తప్ప ఇంకో బటన్ లేదు. డబ్బుకి అన్ని రోజులు తిప్పించుకున్న మనిషి రికార్డు శుభ్రంగా ఉంది, మచ్చ నాకు పడింది. ఇదేం పద్ధతి?

చిత్తూరు_స్టాంపులు:
మీ బాధ అర్థమైంది అన్నా, కానీ ఈ రూల్ ఊరికే రాలేదు. ఈబే అనే వేలం సైట్ 1996లో ఫీడ్‌బ్యాక్ మొదలుపెట్టినప్పుడు ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఏదైనా రాయొచ్చు. దాంతో చాలామంది అమ్మకందారులు, కొన్నవాడు ముందు రాసేదాకా తమది ఆపి పెట్టుకునేవాళ్లు. అంచు చిరిగిన స్టాంపు వచ్చినా, నెగెటివ్ ఇస్తే తిరిగి మనకీ తగిలిస్తారని నోరు మూసుకోవాల్సిందే. 1999 నాటి ఈబే లావాదేవీలు పరిశీలిస్తే కొన్నవాళ్లు ఇచ్చిన ఫీడ్‌బ్యాక్‌లో 99 శాతం పాజిటివే, అందులో భయం వాటా ఎంతో ఆలోచించండి. అందుకే 2008 మేలో అమ్మేవాళ్లు నెగెటివ్ ఇచ్చే వీలు తీసేశారు. మదనపల్లె టమాటా మండీలో వ్యాపారి క్రేటులో కాయ చూశాకే పాట పాడతాడు. ఇక్కడ సరుకు చూడకుండా డబ్బు పంపేది కొనేవాడు, ముందు కాపాడాల్సింది వాడినే.

రేణిగుంట_రీసెల్లర్:
సరుకు విషయంలో మీరు చెప్పింది నిజమే. కానీ ప్రతీకారం ఆపాలంటే ఒకరి నోరు కట్టేయాల్సిన పని లేదు కదా. ఇళ్లు, గదులు అద్దెకిచ్చే సైట్ ఎయిర్‌బీఎన్‌బీ 2014లో ఏం చేసిందో చూడండి, ఇల్లు ఇచ్చినవాళ్లు, దిగినవాళ్లు ఇద్దరూ రాసేదాకా, లేదంటే 14 రోజుల గడువు అయ్యేదాకా ఎవరి రివ్యూ రెండోవాళ్లకి కనిపించదు. అవతలివాడు ఏం రాశాడో తెలియనప్పుడు పగ తీర్చుకునేదెలా? వేలం సైట్లకీ ఇదే సరిపోతుంది. ఇంకోమాట, పాట గెలిచి డబ్బు కట్టకపోవడం అభిప్రాయం కాదు, సిస్టమ్‌కి తెలిసిన విషయం. ఎన్ని గెలిచాడు, ఎన్నిటికి గడువులోపు కట్టాడు అన్నది ప్రొఫైల్లో కనిపిస్తే చాలు, మనం తిట్టాల్సిన అవసరమే రాదు.

తిలక్‌రోడ్_షాప్:
సైట్ మారేదాకా ఆగకుండా ముందు చేయాల్సింది చూడండి. ఆ నెగెటివ్ కింద జవాబు రాసే వీలుంటే రెండే వాక్యాలు రాయండి, వాసన ఎందుకు వస్తుందో, లిస్టింగ్‌లో ఎక్కడ చెప్పారో. కోపం అస్సలు చూపించొద్దు, దాన్ని చదివేది ఆయన కాదు, రేపు కొనబోయేవాడు. తర్వాత ఫీడ్‌బ్యాక్ మార్చమని ఒక్కసారి మర్యాదగా అడగండి. మారిస్తే డబ్బు వాపసు ఇస్తానని మాత్రం అనకండి, అలాంటి బేరాన్ని సైట్లు ఒప్పుకోవు, మీ అకౌంట్‌కే ముప్పు. ఆయన్ని బ్లాక్ చేయండి. ఇకమీదట వాసన సంగతి వివరణలో మొదటి లైన్‌లోనే ఉంచండి, కిందిదాకా చదివేవాళ్లు తక్కువ.

కలంకారీ_తిరుపతి:
థాంక్స్ అందరికీ. జవాబు రాశాను, లిస్టింగులన్నీ మారుస్తున్నాను. స్టాంపుల అన్నా, కొనేవాళ్ల భయం గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. అయినా ఆయన రేపు ఇంకో కళాకారుడి దగ్గర పాట గెలిచి ఇలాగే తిప్పించుకుంటే, ఆ కళాకారుడికి ముందుగా తెలిసే దారి ఇవాళ్టికీ లేదు. రేణిగుంట అన్న చెప్పిన చెల్లింపుల రికార్డు గురించి సైట్ వాళ్లకి రాస్తున్నాను, ఇక్కడ అమ్మేవాళ్లు ఎవరైనా తోడుగా రాస్తామంటే చెప్పండి.